తొలి దశ రొమ్ము క్యాన్సర్: రేడియేషన్ మీకు ఎంత అవసరమో డాక్టరుతో కలిసి తేల్చుకోవడం ఎలా

రొమ్ములో గడ్డను మాత్రమే తీసి, రొమ్మును ఉంచే ఆపరేషన్ అయింది. కుట్లు మానుతున్నాయి, పాథాలజీ రిపోర్టు చేతికి వచ్చింది. ఇక రేడియేషన్ డాక్టరు రెండు మాటల్లో ఏదో ఒకటి అంటారు: "రేడియేషన్ ఇవ్వాలి, వచ్చే వారం ప్లానింగ్ పెట్టుకుందాం" అని గానీ, "మీ విషయంలో ఇవ్వకపోయినా ఫరవాలేదు, ఆలోచించుకుని చెప్పండి" అని గానీ. మొదటి మాట భయపెట్టినా, నిర్ణయం అక్కడితో అయిపోతుంది. రెండో మాట వినడానికి హాయిగానే ఉంటుంది, ఇంటికి వచ్చాక మాత్రం నిద్ర పట్టనివ్వదు.

1వ, 2వ దశల్లో ఉండి, రొమ్మును ఉంచే ఆపరేషన్ చేయించుకున్నవారు ఈ రెండు సందర్భాల్లోనూ ఏమేం చూసుకోవాలో, ఏమేం అడగాలో ఇక్కడ వరుసగా చెబుతాను. రొమ్ము మొత్తం తీసివేసినవారికి, చంకలో నాలుగు లేదా అంతకంటే ఎక్కువ లింఫ్ గ్రంథుల్లో క్యాన్సర్ బయటపడినవారికి లెక్కలు వేరుగా ఉంటాయి కనుక వారు ఇక్కడి అంకెలను తమకు అన్వయించుకోకూడదు.

1. ఎంత వ్యవధి ఉందో అడగండి

కీమోథెరపీ అవసరం లేనివారికి రేడియేషన్ సాధారణంగా ఆపరేషన్ గాయం మానిన తర్వాత, నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలవుతుంది. కీమో ఉన్నవారికి అది పూర్తయ్యాకే మొదలుపెడతారు. కాబట్టి మొదటి రోజే సరే అనవలసిన పని లేదు, కాదనవలసిన పనీ లేదు. "ఏ తేదీలోగా చెప్పాలి?" అని అడిగి ఆ తేదీని రాసుకోండి. నెలల తరబడి నాన్చడం మాత్రం మంచిది కాదు.

2. రేడియేషన్ ఎంత తగ్గిస్తుంది, ఎందులోంచి తగ్గిస్తుంది

వాడుకలో దీనిని "కరెంటు పెట్టడం" అంటారు గానీ ఒంట్లోకి కరెంటు ఏమీ పోదు. గడ్డ తీసిన తర్వాత కంటికీ స్కానింగుకూ అందకుండా మిగిలిపోయిన కణాలేవైనా ఉంటే, వాటి డీఎన్‌ఏను శక్తిమంతమైన ఎక్స్‌రేలతో దెబ్బతీయడమే రేడియేషన్ పని. మామూలు కణాలు ఆ దెబ్బను చాలావరకు సరిచేసుకుంటాయి, క్యాన్సర్ కణాలకు ఆ నేర్పు తక్కువ.

అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ నాయకత్వాన 1976లో మొదలై, 20 ఏళ్ల ఫలితాలను 2002లో వెల్లడించిన బీ-06 అధ్యయనంలో, గడ్డ మాత్రమే తీసి రేడియేషన్ ఇవ్వనివారిలో 39.2 శాతం మందికి అదే రొమ్ములో జబ్బు తిరగబెట్టింది; రేడియేషన్ ఇచ్చినవారిలో 14.3 శాతం మందికే తిరగబెట్టింది. రొమ్ము మొత్తం తీయించుకున్నవారితో పోల్చినా ఆయుర్దాయంలో తేడా రాలేదు. ఆ తర్వాత 17 అధ్యయనాల్లోని 10,801 మంది వివరాలను ఒకచోట చేర్చి 2011లో ప్రచురించిన విశ్లేషణలో, పదేళ్లలో జబ్బు ఏ రూపంలోనైనా తిరిగి రావడం 35 శాతం నుంచి 19.3 శాతానికి, 15 ఏళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు 25.2 శాతం నుంచి 21.4 శాతానికి తగ్గినట్టు తేలింది.

ఈ అంకెలు చూసి "అయితే అందరూ తీసుకోవలసిందే కదా" అనిపిస్తుంది. ఆగి, ఇంకొక మెట్టు ఆలోచించాలి. రేడియేషన్ ప్రమాదాన్ని సగానికి, చాలాసార్లు అంతకంటే ఎక్కువగా తగ్గిస్తుంది. ఈ నిష్పత్తి మనిషికీ మనిషికీ మరీ ఎక్కువగా మారదు. మారేది, దేనిలోంచి తగ్గిస్తుందో ఆ మొదటి అంకె. రేడియేషన్ లేకపోతే వంద మందిలో 30 మందికి తిరగబెట్టే రకం జబ్బయితే, సగానికి తగ్గించినా 15 మంది లాభపడతారు. వంద మందిలో నలుగురికే తిరగబెట్టే రకమైతే అదే రేడియేషన్, అదే మోతాదు, అన్ని సిట్టింగులూ కలిపి లాభపడేది ఇద్దరు. మిగతా 98 మందికి చికిత్స పడింది, లాభం కలగలేదు. బీ-06 నాటి ఆపరేషన్లూ మాత్రలూ నేటివి కావు కనుక ఇప్పుడు చాలామందికి ఆ మొదటి అంకె బాగా చిన్నదయింది. మీ మొదటి అంకె ఎంతో కనిపెట్టడమే అసలు పని. "మీకు తగిన చికిత్స" అనే మాటకు ఆచరణలో ఉన్న అర్థం ఇదే.

3. పాథాలజీ రిపోర్టును పంక్తి పంక్తిగా చదవండి

రిపోర్టు రెండు మూడు పేజీలు ఉంటుంది. బయాప్సీ నాటిది కాదు, ఆపరేషన్ తర్వాత వచ్చిన తుది రిపోర్టు పెట్టుకుని కూర్చోండి. తెల్ల కాగితం మీద ఈ వివరాలను ఒకదాని కింద ఒకటి రాసుకోండి.

మొదటిది పరిమాణం. ఇక్కడ చాలామంది పొరబడతారు. రిపోర్టులో రెండు మూడు కొలతలు ఉంటాయి: కోసి తీసిన ముక్క మొత్తం కొలత ఒకటి, అందులో చుట్టుపక్కల కణజాలంలోకి చొచ్చుకుపోయిన క్యాన్సర్ కొలత మరొకటి, నాళాల లోపలే ఉండిపోయిన డీసీఐఎస్ భాగం ఇంకొకటి. ముక్క ఆరు సెంటీమీటర్లు అని చూసి గుండె గుభేలుమనక్కరలేదు. ఈ కొలతల్లో దశకు లెక్కలోకి వచ్చేది చొచ్చుకుపోయిన భాగం మాత్రమే.

రెండోది గ్రేడ్. కణాలు నాళాల్లా అమరిన తీరు, కేంద్రకాల రూపం, విభజన వేగం, ఈ మూడింటికీ ఒక్కొక్కదానికి 1 నుంచి 3 వరకు మార్కులు వేసి కూడతారు. మొత్తం 3 నుంచి 5 అయితే గ్రేడ్ 1, 6 లేదా 7 అయితే గ్రేడ్ 2, 8 లేదా 9 అయితే గ్రేడ్ 3. గ్రేడ్ 2 అని రాసి ఉంటే ఆ మొత్తం 6 వైపు ఉందా 7 వైపు ఉందా అని అడగడం తప్పు కాదు. గ్రేడూ దశా ఒకటి కావు. గ్రేడ్ 3 అంటే మూడో దశ అని కంగారుపడే కుటుంబాలు ఉన్నాయి కనుక ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

మూడోది హార్మోన్ గ్రాహకాలు, అంటే ఈస్ట్రోజన్‌ను అందుకునే ఈఆర్, ప్రొజెస్టెరాన్‌ను అందుకునే పీఆర్. "పాజిటివ్" అన్న మాటతో సరిపెట్టుకోకుండా ఎంత శాతమో చూడండి. 95 శాతమూ పాజిటివే, 5 శాతమూ పాజిటివే అని రాస్తారు, కానీ రేడియేషన్ మానేయడం గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండూ ఒకటి కావు. నాలుగోది హెర్2, కణాన్ని పెరగమని పురికొల్పే మరో గ్రాహకం. ఐదోది కేఐ-67, అంటే వందలో ఎన్ని కణాలు విభజనకు సిద్ధంగా ఉన్నాయన్న లెక్క. ఇది ల్యాబుకూ ల్యాబుకూ కొంత తేడాగా రావచ్చు.

ఆరోది మార్జిన్. తీసిన ముక్క పాథాలజిస్టు దగ్గరికి వెళ్లగానే వారు దాని పైభాగమంతటికీ సిరా పూస్తారు. పైకి ఒక రంగు, కిందికి ఒక రంగు, పక్కలకు వేరే రంగులు. ఆ తర్వాత పలుచని పొరలుగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే, సిరా ఉన్న అంచు ఆపరేషన్ కత్తి వెళ్లిన దారి అవుతుంది. క్యాన్సర్ కణాలు ఆ సిరాను తాకకపోతే, చొచ్చుకుపోయిన క్యాన్సర్ విషయంలో మార్జిన్ శుభ్రంగా ఉన్నట్టే. డీసీఐఎస్ మాత్రమే ఉన్నవారికి 2 మిల్లీమీటర్ల దూరం కోరుకుంటారు. సిరాను తాకితే అది రేడియేషన్‌తో పూడ్చుకునే లోటు కాదు. మళ్లీ కొంచెం కోయాలా అన్న ప్రశ్నను ముందు సర్జనుతో తేల్చుకోవాలి.

ఏడోది చంకలోని గ్రంథులు. "0/2" అంటే రెండు తీసి చూస్తే ఒక్కదానిలోనూ లేదని. "1/3, మైక్రోమెటాస్టాసిస్" అంటే ఒకదానిలో 2 మిల్లీమీటర్లకు మించని మచ్చ ఉందని. చివరగా, రక్తనాళాల్లోకి, లింఫ్ నాళాల్లోకి కణాలు చేరాయా అన్న పంక్తి ఒకటి ఉంటుంది. చేరితే మొదటి అంకె కొంచెం పెరుగుతుంది.

ఈ కాగితానికి పైన మీ వయసు, నెలసరి ఆగిందా లేదా అన్నది కూడా రాయండి. వయసును మర్యాద కోసం అడిగే వివరంగా అనుకోవద్దు. గ్రేడుకు ఎంత బరువు ఉందో దానికీ అంతే బరువు ఉంది.

4. మీలాంటివారి మీద జరిగిన అధ్యయనం ఉందేమో చూడండి

ఇద్దరు స్త్రీలను ఊహించుకోండి. ఇద్దరికీ గడ్డ 12 మిల్లీమీటర్లు, ఇద్దరివీ గ్రంథులు శుభ్రం, ఇద్దరి ఫైలు మీదా "1వ దశ" అనే ఉంది. ఒకరికి 72 ఏళ్లు, ఈఆర్ 95 శాతం, గ్రేడ్ 1. ఇంకొకరికి 44 ఏళ్లు, మూడు గ్రాహకాలూ నెగటివ్, గ్రేడ్ 3. మొదటి ఆమెకు రేడియేషన్ మానుకునే మార్గం నిజంగా ఉంది. రెండో ఆమెకు లేదు. వీరిద్దరూ ఆసుపత్రి వరండాలో పక్కపక్కన కూర్చుని "ఆవిడకు వద్దన్నారట, నాకెందుకు" అనుకుంటే అది పోల్చదగని పోలిక.

65 ఏళ్లు దాటినవారికి ఆధారం గట్టిగా ఉంది. 70 ఏళ్లు, అంతకు పైబడిన 636 మందితో అమెరికాలో జరిగిన సీఏఎల్‌జీబీ 9343 అధ్యయనంలో, చిన్న గడ్డలూ ఈఆర్ పాజిటివూ ఉన్నవారికి ఈస్ట్రోజన్ హార్మోన్ పనిని అడ్డుకునే టామాక్సిఫెన్ మాత్రలతో పాటు సగం మందికి రేడియేషన్ ఇచ్చి, సగం మందికి ఇవ్వలేదు. పదేళ్ల తర్వాత రొమ్ములో గానీ చంకలో గానీ జబ్బు తిరగబెట్టనివారు రేడియేషన్ ఉన్నవైపు 98 శాతం, లేనివైపు 90 శాతం. బతికి ఉన్నవారు 67, 66 శాతం. ఆ 636 మందిలో అప్పటికి చనిపోయిన 334 మందిలో రొమ్ము క్యాన్సర్ వల్ల చనిపోయినవారు 21 మందే. ఈ చివరి అంకె నాకు మిగతావాటికంటే ఎక్కువ చెబుతుంది: ఆ వయసులో, ఆ రకం జబ్బుతో, ప్రాణాన్ని నిర్ణయించేవి చాలావరకు వేరే కారణాలు.

బ్రిటన్ కేంద్రంగా జరిగిన ప్రైమ్-2 లో 65 ఏళ్లు, అంతకు పైబడిన 1,326 మంది ఉన్నారు. గడ్డ 3 సెంటీమీటర్ల లోపు, గ్రంథులు శుభ్రం, హార్మోన్ పాజిటివ్. 2023లో వచ్చిన పదేళ్ల ఫలితాల్లో అదే రొమ్ములో తిరగబెట్టడం రేడియేషన్ లేనివారిలో 9.5 శాతం, ఉన్నవారిలో 0.9 శాతం. బతికి ఉన్నవారు రెండు వైపులా 81 శాతానికి కాస్త అటూ ఇటూ. ఈఆర్ తక్కువగా ఉన్నవారిలో తిరగబెట్టడం ఎక్కువగా కనిపించింది. శాతం రాసుకోమన్నది అందుకే.

50లలో, 60ల మొదట్లో ఉన్నవారి దగ్గర నేల అంత గట్టిది కాదు. కెనడాలో జరిగిన లూమినా అధ్యయనంలో 55 ఏళ్లు, అంతకు పైబడి, గడ్డ 2 సెంటీమీటర్ల లోపు, గ్రేడ్ 1 లేదా 2, కేఐ-67 13.25 శాతం మించని 500 మంది రేడియేషన్ లేకుండా హార్మోన్ మాత్రలు మాత్రమే తీసుకుంటే, అయిదేళ్లలో రొమ్ములో తిరగబెట్టింది 2.3 శాతం మందికి. ఐడియా అనే మరో అధ్యయనంలో 50 నుంచి 69 ఏళ్ల మధ్య, నెలసరి ఆగి, ఆంకోటైప్ (గడ్డలోని జన్యువుల పరీక్ష) స్కోరు 18 లేదా అంతకంటే తక్కువ ఉన్న 200 మంది రేడియేషన్ లేకుండా ఉంటే, అయిదేళ్లకు 99 శాతం మందిలో జబ్బు తిరిగి రాలేదు. వినడానికి చాలా బాగుంది. కానీ రెండింటిలోనూ పోల్చి చూడటానికి రేడియేషన్ ఇచ్చిన మరో గుంపు లేదు, పైగా ఇవి అయిదేళ్ల అంకెలు. హార్మోన్ పాజిటివ్ జబ్బు ఎనిమిదో ఏడో పన్నెండో ఏడో తలుపు తట్టగల రకం. ఆంకోటైప్ కూడా మొదట కీమో అవసరమా అన్నది తేల్చడానికి పుట్టిన పరీక్షే తప్ప రేడియేషన్ కోసం కాదు. దాని ఆధారంగా రేడియేషన్ ఇచ్చినవారినీ ఇవ్వనివారినీ పోల్చేందుకు డెబ్రా వంటి అధ్యయనాలు మొదలైనది ఆ లోటు పూడ్చడానికే. 72 ఏళ్ల ఆమెకు పదేళ్ల అంకె దాదాపు సరిపోతుంది. 53 ఏళ్ల ఆమె ముందు ఇంకా ముప్పై ఏళ్లు ఉన్నాయి కనుక అయిదేళ్ల అంకెను చూసి మురిసిపోవడం తొందరపాటు.

కాలం గడిచేకొద్దీ అంకె ఎలా పెరుగుతుందో డీసీఐఎస్ మీద జరిగిన ఆర్‌టీఓజీ 9804 చక్కగా చూపిస్తుంది. తక్కువ ప్రమాదం అనుకున్న 636 మందిలో రేడియేషన్ లేనివారికి ఏడేళ్లలో 6.7 శాతం తిరగబెట్టగా, 15 ఏళ్లకు అది 15.1 శాతమయింది, రేడియేషన్ ఉన్నవారిలో అవే అంకెలు 0.9, 7.1 శాతం.

50 ఏళ్ల లోపు వయసు, మూడు గ్రాహకాలూ నెగటివ్, హెర్2 పాజిటివ్, గ్రంథుల్లో జబ్బు: వీటిలో ఏది ఉన్నా రేడియేషన్ మానడానికి నేడు తగిన ఆధారం లేదు. అటువంటివారు అడగవలసినది "కావాలా వద్దా" అని కాదు, "ఎంత, ఎక్కడి వరకు" అని.

5. మధ్యలో ఉన్న దారులను తెలుసుకోండి

ఈ చర్చ ఎప్పుడూ "ఆరు వారాలు తిరగడమా, అసలు వద్దా" అన్నట్టు సాగుతుంది. ఆ మాట పాతబడింది. పూర్వం 50 గ్రే మోతాదును 25 సిట్టింగుల్లో ఇచ్చేవారు (గ్రే అంటే కణజాలం పీల్చుకునే రేడియేషన్‌కు కొలమానం). కెనడాలో జరిగిన మరో అధ్యయనం 42.5 గ్రేను 16 సిట్టింగుల్లో ఇచ్చి చూసింది. పదేళ్లలో తిరగబెట్టడం పాత పద్ధతిలో 6.7 శాతం, కొత్త దానిలో 6.2 శాతం. ఆపై బ్రిటన్‌లో 4,096 మందితో జరిగిన ఫాస్ట్-ఫార్వర్డ్ 26 గ్రేను 5 సిట్టింగుల్లో, ఒకే వారంలో ముగించి, అయిదేళ్ల ఫలితం మూడు వారాల పద్ధతికి తీసిపోదని 2020లో చూపింది. కనుక కొందరి విషయంలో అసలు పోలిక "ఒక వారమా, సున్నా వారాలా" అన్నది. రోజూ తిరగడం కష్టమన్న ఒక్క కారణంతో రేడియేషన్ వద్దనుకుంటున్నవారు ఈ ఒక్క ప్రశ్న తప్పక అడగాలి.

రెండో దారి, రొమ్ము మొత్తానికి కాకుండా గడ్డ ఉన్న చోటికి, దాని చుట్టూ కొంత మేరకు మాత్రమే ఇవ్వడం. తిరగబెట్టేవాటిలో ఎక్కువ భాగం ఆ చోటికి దగ్గర్లోనే వస్తాయన్నది దీని వెనుక ఉన్న తర్కం. ఇటలీలోని ఫ్లారెన్స్‌లో 520 మందితో జరిగిన అధ్యయనంలో 30 గ్రేను వరుస రోజుల్లో కాకుండా మధ్యలో విరామం ఇస్తూ 5 సిట్టింగుల్లో ఇచ్చారు. పదేళ్లకు తిరగబెట్టడం 3.7 శాతం, మొత్తం రొమ్ముకు ఇచ్చినవారిలో 2.5 శాతం, గణాంకాల ప్రకారం చెప్పుకోదగ్గ తేడా కాదు. చర్మం మీది ప్రభావాలు, రొమ్ము ఆకారం ఈ పద్ధతిలో మెరుగ్గా ఉన్నాయి. 40 ఏళ్లు దాటి, గడ్డ 2 సెంటీమీటర్ల లోపు ఉండి, గ్రేడ్ 1 లేదా 2, ఈఆర్ పాజిటివ్ అయినవారికి ఇది అందుబాటులో ఉందేమో అడగండి.

ఆపరేషన్ బల్ల మీదే ఒక్క మోతాదుతో ముగించే పద్ధతి వినడానికి అన్నింటికంటే సుఖంగా ఉంటుంది. అయితే ఆ క్షణానికి తుది పాథాలజీ రిపోర్టు చేతిలో ఉండదు. అంటే ఇప్పటిదాకా మీరు కాగితం మీద రాసుకున్న సగం వివరాలు తెలియకుండానే చికిత్స అయిపోతుంది. మిలాన్‌లో 21 గ్రేను ఒకేసారి ఇచ్చిన ఇలియట్ అధ్యయనంలో అయిదేళ్లకు తిరగబెట్టడం 4.4 శాతం, మామూలు పద్ధతిలో 0.4 శాతం.

ఇక మోతాదు పెంచే వైపు చూస్తే, గడ్డ ఉన్న చోటికి చివర్లో అదనంగా ఇచ్చే బూస్ట్ ఉంది. ఐరోపా అధ్యయనంలో దీనివల్ల 20 ఏళ్లలో తిరగబెట్టడం మొత్తం మీద 16.4 శాతం నుంచి 12 శాతానికి, 40 ఏళ్లు, అంతకు లోపువారిలో 36 శాతం నుంచి 24.4 శాతానికి తగ్గింది. ఆయుర్దాయంలో తేడా రాలేదు. రొమ్ము గట్టిపడటం మాత్రం పెరిగింది. మళ్లీ అదే లెక్క: మొదటి అంకె పెద్దదిగా ఉన్న యువతులకే ఎక్కువ లాభం. 65 ఏళ్లు దాటి గ్రేడ్ 1 ఉన్న ఆమెకు అలవాటుగా బూస్ట్ రాసి ఉంటే, ఎందుకని అడగవచ్చు.

ఒకటి రెండు గ్రంథుల్లో జబ్బు ఉన్నవారికి, చంక మొత్తాన్ని శుభ్రం చేసే ఆపరేషన్‌కు బదులు రేడియేషన్ సరిపోతుందేమో అన్నది మరో ప్రశ్న. ఆమరోస్ అధ్యయనంలో చెయ్యి వాచడం అయిదేళ్లకు ఆపరేషన్ వైపు 23 శాతం, రేడియేషన్ వైపు 11 శాతం. చంకలో జబ్బు తిరగబెట్టడం రెండు వైపులా తక్కువే.

6. మీ ఒంటికి అయ్యే ఖర్చును కూడా ఇలాగే లెక్క కట్టండి

చర్మం ఎర్రబడటం, కందడం, అలసట చాలామందికి వస్తాయి, వారాల్లో తగ్గుతాయి. తల జుట్టు ఊడదు, ఒంట్లో రేడియేషన్ మిగిలి ఉండదు, మనవలను ఎత్తుకోవచ్చు. కొందరికి రొమ్ము కొంత గట్టిపడుతుంది, చిన్నదవుతుంది.

ఆలోచించవలసినది గుండె గురించి, ముఖ్యంగా ఎడమ రొమ్ము అయితే. స్వీడన్, డెన్మార్క్ దేశాల్లోని 2,168 మంది వివరాలతో 2013లో వచ్చిన అధ్యయనం, గుండెకు సగటున చేరే ప్రతి ఒక గ్రేకూ గుండెపోటు వంటి ప్రమాదం 7.4 శాతం చొప్పున పెరుగుతుందని చూపింది. ఇది కూడా నిష్పత్తే, మొదటి అంకె మీదే. గుండెజబ్బు ప్రమాదం వందలో 2 ఉన్నవారికి 2 గ్రే చేరితే అది వెయ్యికి ముగ్గురి చొప్పున పెరుగుతుంది. మధుమేహం, రక్తపోటు, పొగ అలవాటుతో ఆ ప్రమాదం వందలో 10 ఉన్నవారికి అదే 2 గ్రే వందకు ఒకటిన్నర చొప్పున పెంచుతుంది. కనుక ప్లానింగ్ అయిన తర్వాత "గుండెకు సగటు మోతాదు ఎన్ని గ్రేలు వచ్చింది?" అని అడగండి. అది ప్లాన్‌లో ఉండే అంకె, చూసి చెప్పడానికి నిమిషం పట్టదు.

దాన్ని తగ్గించే సులువైన ఉపాయం ఊపిరి బిగపట్టడం. ప్లానింగ్ స్కాన్ రోజున చేతులు తలపైకి పెట్టి వెల్లకిలా పడుకోబెట్టి, గుండెల నిండా గాలి పీల్చి ఇరవై సెకన్ల పాటు ఆపమంటారు. ఊపిరితిత్తి నిండగానే గుండె కిందికీ వెనక్కీ జరిగి, ఎక్స్‌రే వెళ్లే దారికీ దానికీ మధ్య ఎడం ఏర్పడుతుంది. ఊపిరి ఆపి ఉన్నంతసేపే యంత్రం పనిచేస్తుంది. ముందు వారం రోజులు ఇంట్లో పడుకుని గడియారం చూస్తూ సాధన చేసుకుంటే ఆ రోజు కంగారు ఉండదు. పొగ తాగేవారైతే, మొదలుపెట్టే ముందు మానేయడం ఊపిరితిత్తుల కోసం చేయగల అతి పెద్ద మేలు. రేడియేషన్ తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం పొగ తాగేవారిలోనే గమనించదగ్గంతగా పెరుగుతుంది.

డాక్టరు అడగకపోయినా మీరే చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి: గతంలో ఛాతీకి రేడియేషన్ ఇచ్చి ఉంటే, చర్మం గట్టిపడే స్క్లెరోడెర్మా వంటి జబ్బు ఉంటే, కుటుంబంలో టీపీ53 (క్యాన్సర్ రాకుండా కాపాడే జన్యువు) లోపం బయటపడి ఉంటే, గర్భం ఉండే అవకాశం ఉంటే. వీటిలో ఏ ఒక్కటైనా మొత్తం నిర్ణయాన్ని తిరగేయగలదు.

7. మాత్రల సంగతి నిజాయితీగా తేల్చుకోండి

సీఏఎల్‌జీబీ, ప్రైమ్-2, లూమినా, ఐడియా అధ్యయనాల్లో "రేడియేషన్ లేకుండా" అంటే "ఏమీ లేకుండా" అని కాదు. టామాక్సిఫెన్ గానీ లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ వంటివి గానీ అయిదేళ్ల పాటు రోజూ వేసుకోవాలన్నది ఆ ఒప్పందంలో రెండో సగం. ఈ మాత్రలతో కొందరికి ఒంట్లో ఆవిర్లు, కీళ్ల నొప్పులు వస్తాయి, కొన్నిటితో ఎముకలు పలచబడతాయి. రెండో ఏడాదికే చెప్పకుండా మానేసేవారు తక్కువేమీ కాదు. రేడియేషన్ వద్దని, మాత్రలూ మానేస్తే సీఏఎల్‌జీబీలోని ఆ 98, 90 అంకెల్లో ఏదీ మీది కాదు.

మాత్రలు పడతాయో లేదో అనుమానం ఉన్నవారు, రేడియేషన్ గడువు దాటకుండా కొన్ని వారాలు మాత్రలు వేసుకుని చూసి అప్పుడు చెప్పవచ్చా అని అడగవచ్చు. అసలు ఒకటే ఎంచుకోవాలంటే రేడియేషనే మేలేమో అన్న ప్రశ్నా ఉంది. 70 ఏళ్లు దాటినవారిలో రేడియేషన్ ఒక్కటే, మాత్రలు ఒక్కటే అన్న రెండు దారులను పోల్చిన యూరోపా అధ్యయనపు తొలి ఫలితాల్లో, రెండేళ్ల నాటికి జీవన నాణ్యత రేడియేషన్ వైపు మెరుగ్గా నిలిచింది. జబ్బు అదుపు విషయంలో ఎక్కువ కాలపు ఫలితాలు ఇంకా రావాలి.

8. అడగవలసిన ప్రశ్నను సరైన రూపంలో అడగండి

"నాకు రేడియేషన్ అవసరమా డాక్టరు గారూ?" అని అడిగితే "అవును" అనో "కాదు" అనో జవాబు వస్తుంది, దానితో చేయగలిగింది ఏమీ ఉండదు. ఇలా అడగండి: "నా వయసు, నా రిపోర్టు ఉన్నవారు వంద మంది ఉంటే, మాత్రలు వేసుకుంటూ రేడియేషన్ తీసుకోకపోతే పదేళ్లలో ఎంతమందికి ఈ రొమ్ములోనే తిరగబెడుతుంది? తీసుకుంటే ఎంతమందికి? ప్రాణానికి సంబంధించి తేడా ఉందా?" ఆ అంకెలను మీ ముందే కాగితం మీద రాయించుకోండి. సర్జన్ ఒకటి, రేడియేషన్ డాక్టరు ఒకటి చెబితే గాభరా పడకుండా, ఇద్దరినీ అదే ప్రశ్న అడిగి అంకెలు పోల్చండి. చాలాసార్లు తేడా అంకెల్లో ఉండదు, ఆ అంకెను ఎక్కువనాలా తక్కువనాలా అన్నదానిలో ఉంటుంది.

అది తేల్చవలసింది మీరే. వందలో తొమ్మిది అన్న అంకెను చూసి ఒకామె "91 మందికి ఏమీ కాదు కదా, నాకెందుకు" అంటారు. ఇంకొకామె "ఆ తొమ్మిదిలో నేనుంటే" అని ప్రతి మామోగ్రాముకూ ముందు రాత్రంతా మేలుకుంటారు. రెండో ఆమెకు ఒక వారం సిట్టింగులు తీసుకోవడం పిరికితనమేమీ కాదు, మొదటి ఆమె మానుకోవడం నిర్లక్ష్యమూ కాదు. వెంట వచ్చిన కూతురో భర్తో తమ భయాన్ని మీ జవాబుగా చెప్పకుండా చూసుకోండి. డాక్టరుతో ఓ పది నిమిషాలు ఒంటరిగా మాట్లాడతానని అడగడంలో తప్పు లేదు.

9. నిర్ణయం తీసుకున్న తర్వాత

రేడియేషన్ తీసుకుంటే: గుర్తుల కోసం వేసే చిన్న చుక్కలను చెరపకండి, ఆ రోజుల్లో చర్మానికి ఏం రాయాలో వారినే అడిగి రాయండి, సిట్టింగులు మధ్యలో మానకండి. చికిత్స సారాంశాన్ని, అంటే ఎన్ని గ్రేలు, ఎన్ని సిట్టింగులు, ఏ భాగానికి ఇచ్చారో రాసి ఉన్న కాగితాన్ని అడిగి తీసుకుని భద్రపరచండి. అదే భాగానికి మళ్లీ రేడియేషన్ ఇవ్వాలా అన్న ప్రశ్న ఎప్పుడైనా వస్తే మొదట అడిగేది దానినే.

తీసుకోకపోతే: ఏటా మామోగ్రామ్ తప్పనిసరి. ఒకవేళ తిరగబెట్టి తొలి దశలోనే దొరికితే, ఇంతకుముందు వాడలేదు కనుక రేడియేషన్ అప్పటికి చేతిలో మిగిలే ఉంటుంది. చాలామందికి మళ్లీ గడ్డ మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చే వీలుంటుంది. మాత్రలు పడక మొదటి కొన్ని నెలల్లో మానేయవలసి వస్తే, మందు రాసిన డాక్టరుకు చెప్పి ఊరుకోకుండా రేడియేషన్ డాక్టరుకూ అదే వారంలో ఫోను చేసి, "నేను మాత్రలు ఆపేశాను, ఇప్పుడు రేడియేషన్ తీసుకోవచ్చా?" అని అడగండి.